శుక్రవారం రాత్రి రెండు గంటలు

బీరప్పకు చదువు రాదు, గడియారం వచ్చు. ఇందులో మొదటి మాట మాత్రమే రాసి పెట్టుకున్న దస్త్రం ఒకటి కాలువల శాఖవారి బీరువాలో ఉంది. ఆయన పేరు, తండ్రి పేరు, సుమారు వయసు, మోపిన నేరం, దాని మీద వచ్చిన నిర్ణయం అన్నీ అందులో వరుసగా ఉన్నాయి. మనిషి మాత్రం లేడు. ఆ దస్త్రంలో కొన్ని పుటలు నా చేతిరాతలో ఉన్నవే కాబట్టి, అందులోకి ఎక్కని మనిషిని గురించి రాయవలసిన బాధ్యత కూడా నాదే.

దేవసూగూరుకు కోసెడు దూరంలో, కృష్ణ ఒడ్డున, గొర్రెలు మేపుకునే కుటుంబంలో బీరప్ప పుట్టాడు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, చావడిలో ఉర్దూ. ఆ పల్లెల్లో పుట్టినవాళ్ళు వీటిని నేర్చుకోరు. నడక వచ్చినట్టు వస్తాయి. హైదరాబాదు సంస్థానం పోయిన మూడేళ్ళకు రోగం తగిలి మంద మొత్తం పోయింది. తుంగభద్ర ఎడమ కాలువకు మట్టిపని దొరుకుతుందని విని, యాభై రెండులో భార్య నింగవ్వను వెంటబెట్టుకొని ఆయన మానవి వైపు నడిచి వచ్చాడు. ఆయన గడ్డపార పట్టాడు, ఆమె తట్ట మోసింది.

గడియారంతో ఆయనకు పరిచయం అక్కడే, ఒక మోసం ద్వారా జరిగింది. కూలీలను పనిలోకి పిలిచేదీ విడిచిపెట్టేదీ మేస్త్రీ జేబు గడియారమే. పొద్దున అది ముందుకు, సాయంత్రం వెనక్కు నడుస్తోందని బీరప్పకు అనుమానం కలిగింది. గట్టు మీద ఒక కర్ర పాతి, మేస్త్రీ పిలిచినప్పుడూ విడిచినప్పుడూ దాని నీడ కొసకు రోజూ ఒక్కో రాయి పెట్టుకుంటూ వచ్చాడు. పదిహేను రోజుల తర్వాత, తనిఖీకి వచ్చిన ఇంజనీరు ఎదుట ఆ రాళ్ళు చూపించి అన్నాడట:

“సారు, మేస్త్రీ గడియారానికి పొద్దుగాల ఉరుకుడు, పొద్దుమీకి కుంటుడు. దానికి జర వైద్యం చేపియ్యుండ్రి.”

ఇంజనీరు నవ్వాడు. కూలీలకు రోజూ ముప్పావుగంట తిరిగి వచ్చింది. అంతకన్నా ముఖ్యంగా, ఆ ఇంజనీరు ఈ మనిషిని గుర్తుపెట్టుకున్నాడు. మల్లట్ దగ్గరి ఉపకాలువలోకి నీళ్ళు వదిలిన ఏడాది, తూముల కాపలాకు పిలిపించి తాళంచెవి చేతికిచ్చాడు. శాఖవారి కాగితంలో ఆ పనివాడు లస్కరు. పల్లెలవాళ్ళకు మాత్రం ఆయన నీరటి. పూర్వం చెరువు నీటిని ఊళ్ళో పంచే మనిషిని అట్లాగే పిలిచేవారు. బీరప్ప తనను తాను ఎప్పుడూ నీరటి అనే చెప్పుకున్నాడు.

ఆ ఉపకాలువ మీద నాలుగు తూములు, ముగ్గురు కాపలాదార్లు. మొదటి తూము మౌలాసాబుది, రెండోది పంపన్నది, మూడు నాలుగు బీరప్పవి. ఒక తూము మూస్తే తప్ప కింది తూముకు నీళ్ళు అందవు. కాబట్టి వంతు మారేటప్పుడు పైవాడు మూయడమూ కిందివాడు తెరవడమూ ఒకే క్షణాన జరగాలి. శాఖవారు ముగ్గురికీ తలా ఒక అలారం గడియారం ఇచ్చి, తమ బాధ్యత తీరిందనుకున్నారు. మూడు గడియారాలు మూడు వేళలు చూపించేవి. మౌలాసాబు తన గడియారాన్ని మసీదు అజానుకు కలుపుకునేవాడు. పంపన్న మానవి బస్సుకు కలుపుకునేవాడు. బస్సు ఎప్పుడు వచ్చేదో ఆ డ్రైవరుకే తెలియదు.

ఇది చాలదన్నట్టు భాష ఒకటి. ఒకరోజు మౌలాసాబు “పౌనే ఆఠ్‌కు మూస్తా” అని కబురు పంపాడు. ఉర్దూలో అది ఏడూ నలభై అయిదు. పంపన్న చెవికి అది పావు ఎనిమిదిగా, అంటే ఎనిమిదీ పదిహేనుగా పడింది. పైతూము మూసుకొని, కింది తూము తెరుచుకోక, అరగంటసేపు నీళ్ళు కాలువలో పొంగి గట్టు తెంచాయి. ఇద్దరూ గండి దగ్గర నిలబడి తిట్టుకుంటుంటే బీరప్ప వెళ్ళాడు.

“పౌనే అంటే పావు తక్కువ గదనయ్యా!” అన్నాడు మౌలాసాబు.

“నాకు పావు ఇనపడ్డది. తక్కువ ఇనపడలే!” అన్నాడు పంపన్న.

“నీ చెవులే పావు తక్కువ.”

“ఇగ ఆపుండ్రి,” అన్నాడు బీరప్ప. “నేటి సంది ఈ కాలువ మీద పౌనే లేదు, సవ్వా లేదు, పావు లేదు, ముక్కాలు లేదు. ముల్లు యాడుంటే గా అంకె చెప్పుండ్రి. టైము తప్పైనా సరే, ముగ్గురిది ఒక్కటే తప్పు ఉండాలె.”

ఆ ఆఖరి మాటలో ఎంత పాలనాశాస్త్రం ఉందో, ఎన్నో నిబంధనల పుస్తకాలు తిరగేసిన తర్వాతగాని నాకు తెలియలేదు. గడియారం సూర్యుడితో కలవకపోయినా నీళ్ళు పారతాయి. గడియారాలు తమలో తాము కలవకపోతే పారవు.

ఆ ఏకకాలం మా ఇంటినుంచే వెళ్ళేది. మా నాన్న శివరామకృష్ణయ్య యాభై తొమ్మిదిలో గుడివాడ వైపునుంచి వచ్చి, మూడో తూము కింద భూమి తీసుకొని వరి వేశారు. కోస్తానుంచి వచ్చినవాళ్ళ గుడిసెల గుంపును అక్కడివాళ్ళు క్యాంపు అంటారు. మా క్యాంపు మొత్తానికి రేడియో మా ఇంట్లోనే ఉండేది. ప్రతి ఆదివారం పొద్దున వార్తల వేళకు బీరప్ప తువ్వాలులో చుట్టిన గడియారంతో వచ్చి, చెప్పులు విప్పి, అరుగు మీద నిలబడేవాడు. కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు. వార్తలకు ముందు వచ్చే చప్పుళ్ళు వినగానే ముల్లు తిప్పి, గడియారాన్ని మళ్ళీ పసిబిడ్డను చుట్టినట్టు చుట్టుకొని, గట్టు వెంబడి నాలుగు మైళ్ళు నడిచి మిగతా రెండు గడియారాలకూ ఆ వేళ పెట్టి వచ్చేవాడు.

“ఏం బీరప్పా, ఢిల్లీ టైము పట్టుకెళ్ళిపోతున్నావా? మాక్కాస్త మిగులుస్తావా?” అనేవారు నాన్న.

“మీకేం తక్కువ సామీ? టైమూ మీదే, నీళ్ళూ మీయే,” అనేవాడు బీరప్ప.

అది హాస్యమే. అయితే పూర్తిగా హాస్యం కాదు. మా తూము పైన ఉంది; నాలుగో తూము చిట్టచివర. అక్కడ ఉలిగెమ్మ వంటి చిన్న రైతులు ఎకరం రెండెకరాలు పెట్టుకొని, పైవాళ్ళు తాగి విడిచిన నీళ్ళకోసం ఎదురుచూసేవారు. ఉలిగెమ్మ భర్త లేని మనిషి. బీరప్పను తమ్ముడూ అని పిలిచేది. వంతు అన్నది ఉంది కాబట్టి, ఆ వంతును నిమిషం తప్పకుండా నడిపే నీరటి ఉన్నాడు కాబట్టి, ఆ చివరి పొలాల్లో పదకొండేళ్ళు వరి పండింది. పైవాళ్ళు ఎంత బతిమాలినా బీరప్ప మూసే వేళకు మూశాడు. ఒకసారి మా నాన్నే “పది నిమిషాలు ఆగవయ్యా” అంటే, “నేను ఆగుత సామీ, ముల్లు ఆగుతదా?” అని తాళం వేసుకొని వెళ్ళిపోయాడు.

డెబ్బయ్యవ సంవత్సరం మార్చిలో కాలువ బందు చేసేముందు ఆఖరి తడికి వంతుల జాబితా వచ్చింది. ఎప్పటిలా చేత్తో కన్నడంలో రాసి రాలేదు. ఆ ఏడాది కొత్తగా ఇంగ్లీషులో టైపు చేసి పంపారు. నాలుగో తూముకు శుక్రవారం, మార్చి ఇరవయ్యో తేదీ, రాత్రి రెండు గంటలనుంచి శనివారం ఆరు గంటలవరకు నీళ్ళు. సెక్షన్ ఆఫీసు గుమాస్తా వీరేశ్ దానిని కన్నడంలో చదివి చెప్పాడు: “శుక్రవార రాత్రి ఎరడు గంటె.” బీరప్ప రెండుసార్లు చెప్పించుకొని, కంఠస్థం చేసుకొని, నాలుగో తూము రైతులందరికీ చెప్పి వచ్చాడు.

ఇప్పుడు చదువరి ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. శుక్రవారం రాత్రి రెండు గంటలంటే ఎప్పుడు? ఇంగ్లీషు లెక్కలో అర్ధరాత్రి దాటితే వారం మారుతుంది. కాబట్టి అది గురువారం పడుకున్న రాత్రి. మన ఇళ్ళలో పొద్దు పొడిస్తే గాని వారం మారదు. కాబట్టి అది శుక్రవారం పగలు గడిచి, భోజనం చేసి పడుకున్న తర్వాతి రాత్రి. రెండు లెక్కలకూ మధ్య ఇరవైనాలుగు గంటలు. పావుగంటలను, అరగంటలను వేటాడి పట్టుకున్న మనిషి ఈ పూర్తి రోజును చూడలేదు.

శాఖవారి లెక్కలో నాలుగో తూముకు ఇరవై ఎనిమిది గంటల నీళ్ళు రావాలి. బీరప్ప శుక్రవారం పగలంతా మా తూము తెరిచే ఉంచి, ఆ తర్వాతి రాత్రి రెండింటికి నిమిషం తప్పకుండా మూసి, నాలుగోది తెరిచాడు. జాబితాలో ఆరు అనే తప్ప పొద్దునో సాయంత్రమో లేదు; శనివారం ఆరంటే సాయంత్రం ఆరు అనుకున్నాడు. ఆఫీసువారు అనుకున్నది ఉదయం ఆరు. తెల్లవారగానే పెద్దకాలువ దగ్గర తలుపులు దిగిపోయాయి. నాలుగు గంటలపాటు పారిన నీళ్ళు ఉలిగెమ్మ మడిదాకా చేరనేలేదు.

పైరు పొట్ట మీద ఉంది. ఇంకొక్క తడి పడితే వెన్ను బయటికి వచ్చి గింజ కట్టేది. బీరప్ప గట్టు వెంబడి పెద్దకాలువదాకా పరుగెత్తి, మూసిన తలుపులు చూసి తిరిగి వచ్చేసరికి నాలుగో తూము దగ్గర జనం పోగయ్యారు.

“ఒక దినం నీళ్ళు క్యాంపోళ్ళకు యాడికెళ్ళి పోయినయి తమ్ముడూ?” అని అడిగింది ఉలిగెమ్మ. అప్పటికే ఎవరో జాబితా చదివించుకొని వచ్చారు.

“అక్కా, శుక్రారం రాత్రే చెప్పిన్రు. శుక్రారం రాత్రే ఇడిసిన.”

“కాయితంల నిన్ననే అని ఉన్నదంట. అమ్ముకున్నవా?”

బీరప్ప చేతిలోని గడియారాన్ని ఆమెకు చూపించాడు. ఆమె దానిమీద ఉమ్మింది. ఏప్రిల్‌లో ఆ మడి తెల్లగా తాలుపోయింది. గేదెల మేతకు కోసుకున్నారు.

వారంలోగా తాఖీదు వచ్చింది. ఒకరోజు నీటిని లాలూచీపడి పై రైతులకు వదిలాడన్నది ఆరోపణ. విచారణ ముగిసేదాకా పనికి రావద్దన్నారు. తాళంచెవి మాత్రం ఇంకా ఆయన దగ్గరే ఉంది. కాలువలో నీళ్ళు లేవు కాబట్టి ఎవరూ అడగలేదు. ధారవాడలో లా పరీక్షలు రాసి అప్పుడే ఇంటికి వచ్చాను. బీరప్ప ఆదివారం కానిరోజున మా అరుగు దగ్గరికి రావడం అదే మొదలు.

“వకీలమ్మా, తాళంచెవి నా తాననే ఉండాలె. ఏమన్న చెయ్యి. నాకు ఇంకో పని రాదని కాదు. మట్టి తవ్వుత, గొర్లు కాస్త. ఇది తీసుకుంటె మాత్రం అమ్ముకున్నోడని ఖాయమైతది.”

ఆయన పక్కన నిలబడ్డ నింగవ్వ నెమ్మదిగా అంది: “పెండ్లినాడు గూడ ఈయన నన్ను గిట్ల పట్టుకోలేదమ్మా, ఆ తాళంచెవిని పట్టుకున్నట్టు.”

ఆ నీళ్ళు తాగిన పొలాల్లో మాదీ ఒకటి. ఇంగ్లీషు జాబితా ప్రతి ఒకటి మా నాన్న దగ్గరా ఉంది. ఆ మాటే ఆయనను అడిగాను.

“మీరు జాబితా చదివారు కదా నాన్నగారూ?”

“చదివాననుకో.”

“శుక్రవారం పొద్దున మన మళ్ళలో నీళ్ళు చూశారు కదా?”

“చూశాననుకో.”

“మరి?”

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. “అమ్మాయ్, పదకొండేళ్ళుగా ఒక్క నిమిషం తప్పని మనిషి. వాడు మూయలేదంటే నేనే తప్పు చదివాననుకున్నా. అది సగం.”

“రెండో సగం?”

“నీళ్ళొస్తున్నాయిగా, ఎందుకులే అనుకున్నా.”

“ఆ రెండు సగాలూ విచారణలో చెప్పాలి.”

“చెబితే మన తూముకు వచ్చే ఏడు వంతు కోస్తారే!”

“కోయనివ్వండి.”

“నిన్ను లా చదివించినందుకు ముందు నాకే పడింది శిక్ష,” అన్నారు. కానీ వచ్చారు. వచ్చి రెండు సగాలూ చెప్పారు.

విచారణాధికారి చెన్నకేశవరావుగారు చెడ్డవారు కాదు. అది చెప్పకపోతే అన్యాయం అవుతుంది. రాయచూరువారు, ఓపిక గలవారు. వకీళ్ళకు అనుమతి లేకపోయినా, రాతకోతలు తెలిసిన మనిషిగా నన్ను బీరప్ప పక్కన కూర్చోనిచ్చారు. నా వాదన ఒక్కటే: ఇక్కడ దొంగతనం లేదు; ఒకే మాటకు రెండు రోజులున్నాయి. దానిని రుజువు చేయడానికి సాక్షులను ఒక్కొక్కరినే పిలిపించాను.

వీరేశ్ తల వంచుకొని చెప్పాడు: “రాత్రి రెండు గంటలను రాత్రి కాక ఇంకేమంటారు సార్? నేనూ శుక్రవారం పోయాక వచ్చే రాత్రే అనుకున్నా.”

మౌలాసాబును అడిగితే లెక్క మూడయింది. “మాకు పొద్దు మునిగితేనే దినం మారుతది సాబ్. జుమేరాత్ మగ్రిబ్ నమాజైందంటే మీ శుక్రారం, మా జుమ్మా, షురూ. నన్నడిగుంటే ఆఫీసోళ్ళ లెక్కనే చెప్పేటోణ్ణి. నన్నెవరడిగిన్రు?”

చివరికి ఉలిగెమ్మ వచ్చింది. బీరప్ప మీద ఫిర్యాదు ఇచ్చింది ఆమే. నేను ఆమెను ఒక్క ప్రశ్న అడిగాను: “నీళ్ళ కోసం మీరు మడి దగ్గరికి ఏ రాత్రి వెళ్ళారమ్మా?”

“శుక్రారం రాత్రి.”

“శుక్రవారం పగలు ఏం చేశారు?”

“శుక్రారం గద, తల కడుక్కున్న, ఎల్లమ్మకు దీపం వెట్టిన, బువ్వ తిన్న. అటెన్క రాత్రి పార పట్టుకొని పోయిన. మా వోళ్ళందరం గా రాత్రే…” అక్కడ ఆమె ఆగిపోయింది. తన నోటినుంచి వచ్చిన మాట ఆమెకు అప్పుడే వినపడింది. బీరప్పవైపు తిరిగింది. “తమ్ముడూ, మేం గూడ గా రాత్రే పోయినం గదరా!” అని, కొంగు నోట్లో కుక్కుకొని ఆ గదిలోనే నేలమీద కూర్చుండిపోయింది.

నేను గెలిచాననుకున్నాను. లేచి నిలబడి, గురువారం తెల్లవారితే శుక్రవారం అన్న మూడు మాటలు మన ఇళ్ళలో ప్రతి ముసలమ్మకూ తెలుసనీ, జాబితాలో ఆ మాటలు రాసి ఉంటే ఒక్క గింజ కూడా తాలుపోయేది కాదనీ, వారం ఎక్కడ మారుతుందో చెప్పకుండా వేళ మాత్రం చెప్పడం ఆజ్ఞ ఇచ్చినవారి లోపమేగాని అందుకున్నవాడి నేరం కాదనీ చెప్పాను. చెన్నకేశవరావుగారు అంతా రాసుకున్నారు. తర్వాత బీరప్పను అడిగారు.

“శుక్రవారం ఎప్పుడు మొదలైతది, బీరప్పా?”

“పొద్దు పొడిస్తే సారు.”

“గడియారంలో ఎన్నింటికి?”

“గడియారంల వారం ఉండదు గద సారు. పన్నెండంకెలే ఉంటయి.”

గదిలో ఒకరిద్దరు నవ్వారు. అధికారి నవ్వలేదు. “అంటే అర్ధరాత్రి తేదీ మారుతదని నీకు తెల్వదు?”

బీరప్ప నావైపు చూశాడు. నేను తల ఊపాను. నా వాదనకు ఆ జవాబే కావాలి. ఆయన కూడా తల ఊపి, “తెల్వదు సారు,” అన్నాడు.

జూన్‌లో నిర్ణయం వచ్చింది. టైపు చేసిన రెండు పుటలు. తాఖీదు తెచ్చిన మనిషి ఎదుట, నాలుగో తూము దగ్గర నిలబడి నేనే దానిని తెలుగు చేసి చదివాను. లాలూచీ రుజువు కాలేదు. దురుద్దేశం లేదు. ఈ వ్యక్తి నిజాయితీపరుడు. తర్వాతి వాక్యం ఇది: “అయితే దినం ఎప్పుడు మారుతుందో ఎరగనని తానే ఒప్పుకొన్నందునా, అతని తరఫున మాట్లాడినవారు కూడా దానినే నొక్కి చెప్పినందునా, వేళలతో కూడిన బాధ్యతలో ఇతనిని కొనసాగించడం రైతుల ప్రయోజనానికి విరుద్ధం. తూము తాళాలు వెంటనే స్వాధీనం చేయవలెను.”

వాళ్ళు ఆధారం చేసుకున్నది నా వాక్యాన్నే. దొంగ అన్న పేరు తుడవడానికి నేను తెచ్చిన నీళ్ళతోనే నీరటి అన్న పేరునూ తుడిచారు. తెలియనితనానికి కారణమైన జాబితా మీద ఒక్క మాట లేదు. దానిని టైపు చేసినవారి మీద ఒక్క మాట లేదు. అంత పెద్ద శాఖలో దినం ఎప్పుడు మారుతుందో చెప్పవలసిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్నే ఎవరికీ రాలేదు.

బీరప్ప మొలతాడునుంచి తాళంచెవి విప్పాడు. ముడి బిగుసుకుపోయి ఉంది. విప్పడానికి చాలాసేపు పట్టింది. అందరం చూస్తూ నిలబడ్డాం. చేయి సాయం చేద్దామని ఉలిగెమ్మ ముందుకు వచ్చి, మళ్ళీ వెనక్కు తగ్గింది. గడియారం కూడా శాఖవారిదే కదా అని గుర్తుచేసి, ఆయనే తూము పక్కన తాముండే చౌకీ లోపలినుంచి తెచ్చి ఇచ్చాడు. “వారంల నాలుగు నిమిషాలు ముందుకు పోతది. ఆదివారం ఆదివారం కలుపుకోవాలె,” అని చెప్పాడు. తాఖీదు తెచ్చిన మనిషి సరేనన్నాడు గాని వినలేదు.

అప్పీలుకు ముప్పై రోజుల గడువు. నేను రాశాను, చించాను, మళ్ళీ రాశాను. ఈలోగా బీరప్పా నింగవ్వా చౌకీ ఖాళీ చేసి దేవసూగూరు వెళ్ళిపోయారు. గడువు తీరే రోజున, సంతకానికి బదులు వేలిముద్ర వేయించుకోవడానికి సిరాడబ్బా కూడా తీసుకొని, రాయచూరు మీదుగా బస్సులో వెళ్ళాను. సాయంత్రం ఐదు గంటలలోపు కాగితం రాయచూరు ఆఫీసులో ఇవ్వాలి. చేరేసరికి ఒంటిగంట దాటింది.

ఒక పూరిల్లు. నింగవ్వ వాకిట్లో ఎవరివో విత్తనపు పల్లికాయలు కూలికి వలుస్తోంది. బీరప్ప గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఈ నెల రోజుల్లోనే పదేళ్ళు మీద పడ్డట్టున్నాడు.

“యాళ ఎంతైంది అని గూడ అడుగుతలేడమ్మా,” అంది నింగవ్వ. “పెట్టినప్పుడు తింటడు. చీకటైతే పంటడు. నేడు ఏం వారమో ఎవరన్న అడిగితె లేచి లోపలికి పోతడు.”

కాగితం చూపించి, తొందరగా వేలిముద్ర వేయమన్నాను. బస్సు నాలుగింటికి ఉంది.

“గా కాయితంల ఏం రాసినవ్ వకీలమ్మా?”

“వేళ నిర్వహణ నీకు బాగా తెలుసనీ, పదకొండేళ్ళు తప్పు లేకుండా నడిపావనీ, చెప్పిన తీరే సరిగా లేదనీ.”

“తెలుసని రాసినవా?”

“అవును.”

“అప్పుడు తెల్వదని చెప్పమంటివి గద.”

“అప్పుడు అడిగిన ప్రశ్న వేరు బీరప్పా. ఇప్పుడు చెబుతున్నది వేరు. రెండూ నిజమే.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ ఊపులో నా మీద కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

“రెండు నిజాలుంటే కాలువ నడవది తల్లీ. వాళ్ళు రాసిందే ఖరారు. దినం యాడ షురూ అయితదో తెల్వనోడు నీళ్ళు ఎట్ల పంచుతడు? ఉలిగెమ్మక్క మడి ఎండింది నా చేతులనే గద. ఎవరి లెక్కల ఎండినా, ఎండింది ఎండిందే.”

“అది నీ తప్పు కాదు.”

“కాదంటవు. మరి ఎవనిదో చెప్పు, పోయి అడుగుత.”

చట్టం చదివిన నాకు జవాబు రావాలి. తొందరపడితే ఏదో ఒక పేరు చెప్పగలిగేదాన్ని. సిరాడబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన దానిని కాసేపు చూసి, ఎండకు ఆరిపోతుందని మూత పెట్టి, నా వైపు జరిపాడు.

మూడు దాటింది, మూడున్నర దాటింది. బస్సు వచ్చే చప్పుడు రోడ్డుమీద వినపడింది, ఆగింది, వెళ్ళిపోయింది. నింగవ్వ కాయల చేటను మా ఇద్దరి మధ్యకూ జరిపింది. ఆమె వలిచినట్టే ఒక్కొక్క కాయా గోటితో చిదిపి, పప్పు పగలకుండా తీయడం మొదలుపెట్టాను. విత్తనానికి పప్పు పగిలితే పనికిరాదట. బీరప్ప గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొద్దు ఇంకా చాలా ఉంది.